పెదనాన్న వాటాకు రావలసిన అప్పు

డిసెంబరు ఐదో తేదీ ఉదయం నా తలకి ఆపరేషన్ చేస్తారు. మెదడులో ఒక రక్తనాళం ఉబ్బి ఉంది. పగలకముందే దాన్ని మూసేయాలి. చాలామంది బాగుపడి ఇంటికి వెళ్తారని డాక్టరుగారు చెప్పారు. వెళ్ళనివాళ్ళ సంగతి అడిగితే ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నేను పోయానని తెలిసిన రోజు నుంచి మా వాళ్ళకి కోర్టులో మూడు నెలల గడువు మొదలవుతుంది. మా నాన్న పోయినప్పుడు మా ఇంట్లో ఆ గడువును ఏడుపులతో, మర్యాదలతో దాటబెట్టారు. రెండోసారి అలా జరగకూడదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను, ఓక్ బోరమ్, కీర్తిశేషులు ఓక్ దోమన్ కుమార్తెను, వయసు ఇరవై తొమ్మిది, అవివాహితను, చాంగ్‌వన్‌లో ఓడల విడిభాగాల కంపెనీలో లెక్కల విభాగం ఉద్యోగిని. ఉబ్బింది రక్తనాళమే గాని నా బుద్ధి స్థిమితంగానే ఉంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఎవరూ ఆశ చూపలేదు. కోపం మాత్రం ఉంది. కోపంతో రాసిన వీలునామా చెల్లదని చట్టంలో ఎక్కడా లేదు, చూశాను. మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా ఇది నా చేతి రాత.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా స్నేహితురాలు మో ఏరాన్‌కి అప్పగిస్తున్నాను. కాలేజీలో నాలుగేళ్ళు మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు తను కోర్టు కాగితాలు రాసిపెట్టే ఆఫీసులో పనిచేస్తోంది. అమ్మ, తమ్ముడు హన్‌బిత్ ఆమె వెయ్యమన్న చోట సంతకం బదులు తమ పేరు ముద్ర వెయ్యాలి. ఇంకెవరు వెయ్యమన్నా వెయ్యకూడదు. ఏరాన్ ఫీజు తీసుకోనంటుంది. తీసుకోవాలి. మొహమాటాల వల్ల మా ఇంటికి జరిగిన నష్టం చాలు.

2. నా ఆస్తి: గది డిపాజిట్ యాభై లక్షల వాన్లు, బ్యాంకు ఖాతాలో ఈ నెల జీతంలో మిగిలినది, కిందటేడు నా పేరున తెరిచిన పింఛను ఖాతా. నా అప్పు: కోటీ తొంభై లక్షల వాన్లు. ఇది నేను తిన్న అప్పు కాదు, నా కోసం చేసిందీ కాదు. ఎలా వచ్చిందో ఇక్కడ రాసి ఉంచుతున్నాను. రేపు నేను లేనప్పుడు దీన్ని ఇంకోలా చెప్పడానికి ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడు.

ఆ మనిషి మా పెదనాన్న ఓక్ దోసు. పన్నెండేళ్ళ కిందట తొంగ్‌యంగ్ సముద్రంలో వలల పంజరాలు కట్టి చేపలు పెంచుతానని బయలుదేరాడు. అప్పటికే ఆయన మొహం చూసి అప్పిచ్చే బ్యాంకు లేదు. నాన్న పేరు మీద తీసుకున్నాడు. నాన్న చేపల వేలం దగ్గర ఐసు పెట్టెలు మోసేవాడు, జీవితంలో ఎవరికీ పైసా బాకీ లేడు. అందుకే ఆయన పేరు పనికొచ్చింది. అమ్మ సందేహిస్తే నాన్న, "అన్నయ్యకి ముద్ర ఇవ్వడానికి కూడా ఆలోచిస్తే ఇంక అన్నదమ్ములం ఎందుకే" అన్నాడట. ఒక ఎండాకాలం సముద్రంలో ఎర్రనీళ్ళు వచ్చాయి. పంజరాల్లో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అప్పటి నుంచి వడ్డీ ఒక నెల పెదనాన్న కట్టేవాడు, మూడు నెలలు నాన్న కట్టేవాడు.

నాన్న గుండె ఆగి పోయాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగు, తమ్ముడికి పదిహేడు. అప్పు చేసిన మనిషి పోతే అది వారసుల మీదికి వస్తుందనీ, మూడు నెలల్లోగా కోర్టుకి వెళ్ళి వారసత్వం వదులుకుంటున్నామని రాసిస్తే రాదనీ నేను తెలుసుకున్నాను. ఫారాలు తెచ్చి ముగ్గురి పేర్లూ నింపాను. అమ్మ ముద్ర వెయ్యడమే మిగిలింది. నలభై తొమ్మిదో రోజు పూజకి పెదనాన్న ఒక పెట్టె పియర్ పండ్లు పట్టుకుని వచ్చాడు. బల్ల మీద ఫారాలు చూశాడు.

"ఏమ్మా చదువుకున్న పిల్లా, కన్నతండ్రిని కాగితం మీద వదిలెయ్యమని చెప్పారా మీ కాలేజీలో?" అన్నాడు నాతో. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా పిల్‌నమ్, మొగుడి చితి ఆరకముందే కోర్టుకెళ్ళి అతను నాకొద్దని రాసిచ్చిన ఆడది అంటారు నిన్ను. రేపు పూజలో వాడికి అన్నం గిన్నె ఏ మొహంతో పెడతావు? అప్పు సంగతి నేను చూసుకుంటాను కదా."

అమ్మ ముద్ర సంచీలోకి పోయింది. నేను ఏదో చెప్పబోతే, "నువ్వు నోర్ముయ్యవే, బావగారు చెప్పేది నీకు అర్థం కాదు" అంది.

ఆ రోజు ఆయన మాకు చెప్పనిది ఒకటుంది. మేం ముగ్గురం వదులుకుంటే ఆ అప్పు నాన్న తోబుట్టువుల మీదికి వెళ్తుంది. తాతా నాయనమ్మా అప్పటికే లేరు. నాన్నకి ఉన్న ఒకే ఒక్క తోబుట్టువు పెదనాన్న. అంటే తను తిన్న అప్పు తన దగ్గరికే తిరిగి వచ్చేది. అది ఆయనకి ముందే తెలుసు. గుల్లల షెడ్డులో అమ్మ పక్కన నిలబడి గుల్లలు వొలిచే జేగల్ మిసుక్ అత్త ఏడాది తర్వాత నాతో అంది: "మా ఆయన ముందరే కూసాడంట మీ పెదనాన్న, తాగి. ఆ పిల్ల చదువు నా కొంప ముంచబోయింది, పియర్ పండ్లు కాపాడాయి అని. పది పండ్లకి మీ ఇల్లు కొన్నాడే పిల్లా."

గడువు దాటిన నెల నుంచి పెదనాన్న ఒక్క వాను కట్టలేదు. ఫోను చేస్తే పెద్దమ్మ ఎత్తి, "ఆయనకి బీపీ, డబ్బు మాటలు ఎత్తకు" అనేది. నేను మొత్తం అప్పును నా పేరు మీదికి మార్పించుకున్నాను. అమ్మ పేరు మీద, తమ్ముడి పేరు మీద ఇప్పుడు ఏమీ లేదు. ఐదేళ్ళుగా జీతం వచ్చిన రోజు మొదట అప్పు, తర్వాత అమ్మ పింఛను వాయిదా, తర్వాత ఇన్సూరెన్సు, తర్వాత అద్దె. అది పోగా మిగిలినదాన్ని వారాలుగా విడదీసి కవర్లలో పెట్టుకుని బతికాను. బజారు మూసే వేళకి వెళ్ళి క్యాబేజీ పై ఆకులు తెచ్చుకున్నాను. జుట్టు నేనే కత్తిరించుకున్నాను. చదివింపుల కవరులో పెట్టడానికి డబ్బు లేక స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. వాళ్ళు నన్ను పొగరుబోతు అనుకున్నారు. దానికీ పెదనాన్నే బాధ్యుడు, రాసి పెట్టుకోవాలి.

3. అప్పును వీలునామాతో ఎవరికీ రాసివ్వలేము. చట్టం ఒప్పుకోదు. కాబట్టి నేను మా పెదనాన్నకి అప్పు రాసివ్వడం లేదు. దానికి దారి మాత్రం చూపిస్తున్నాను.

నాకు భర్త లేడు, పిల్లలు లేరు. నేను పోతే మొదటి వారసురాలు మా అమ్మ చూ పిల్‌నమ్. అమ్మ వదులుకుంటే తమ్ముడు ఓక్ హన్‌బిత్. తమ్ముడు కూడా వదులుకుంటే తర్వాతి దగ్గరి రక్తం ఎవరని కోర్టు చూస్తుంది. అమ్మకి తల్లిదండ్రులూ తోబుట్టువులూ లేరు. నాన్నకి ఒక్కడే అన్న. అప్పు నడుచుకుంటూ ఆయన గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. నా గది డిపాజిట్, ఖాతాలో ఉన్నది కూడా దానితోపాటే వెళ్తాయి. వాటిని పట్టుకెళ్ళి బ్యాంకులో కట్టుకోవచ్చు, ఆ మేరకు తగ్గుతుంది. ఆయన దగ్గర నేను దాచేది ఏమీ లేదు.

అప్పుడు పెదనాన్న ముందు రెండు దారులుంటాయి. ఒకటి, కట్టడం. రెండోది, తనూ కోర్టుకి వెళ్ళి, నంబరు చీటీ తీసుకుని, కుర్చీలో కూర్చుని, పిలిచినప్పుడు లేచి, నా తమ్ముడి కూతురి వారసత్వం నాకు వద్దు అని రాసి ముద్ర వెయ్యడం. ఆయన అలా చేస్తే అప్పు ఆయన పిల్లలిద్దరి మీదికి వస్తుంది. వాళ్ళ చేత కూడా రాయించాలి. రక్తాన్ని కాగితం మీద ఎలా వదులుకుంటారో కొడుక్కీ కూతురికీ ఆయనే కూర్చోబెట్టి చెప్పాలి. నాకు కావలసింది ఇదే. ఆయన డబ్బు కడతాడని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ముగ్గురికీ ఫారాలు ఉచితంగా ఇవ్వమని ఏరాన్‌ని కోరుతున్నాను. పియర్ పండ్లు అక్కర్లేదు.

ఇది జరగాలంటే అమ్మా, తమ్ముడూ మూడు నెలలు నా వస్తువుల మీద చెయ్యి వెయ్యకూడదు. నా ఖాతాలోంచి డబ్బు తియ్యకూడదు, అంత్యక్రియలకి కూడా. నా గది డిపాజిట్ వెనక్కి తీసుకోకూడదు. రైస్ కుక్కర్ అయినా అమ్మకూడదు. ఏదైనా ఒకటి వాడుకున్నా, వారసత్వం ఒప్పుకున్నట్టే లెక్క అంటారు. అప్పుడు ఏ ఫారమూ పనిచెయ్యదు. పాపం అని ఎవరైనా గది ఖాళీ చెయ్యడానికి వస్తే తలుపు తియ్యొద్దు. ముఖ్యంగా పెద్దమ్మ వస్తే.

4. నా ఇన్సూరెన్సులో అమ్మ పేరు ఉంది. నేను పోతే వచ్చే మూడు కోట్ల వాన్లు నా ఆస్తి కిందకి రావు, నేరుగా అమ్మవి. వారసత్వం వదులుకున్నా అవి అమ్మకే వస్తాయి. బ్యాంకు గానీ, బంధువులు గానీ అడగడానికి లేదు. వాటిలోంచి మొదట కట్టవలసింది అమ్మ పింఛను. నెలకి తొంభై వేలు. పదేళ్ళు నిండితేనే పింఛను ఇస్తారు, సగం దాకా నేను కట్టాను. మిగతా సగం ఆగకుండా కడితే అమ్మకి అరవై నాలుగు వచ్చేసరికి నెలనెలా డబ్బు అందుతుంది. తక్కువే. కానీ అది ఎవరి ముందూ చెయ్యి చాపకుండా వచ్చే డబ్బు.

ఈ నిబంధన గురించి పోయిన ఆదివారం ఫోనులో అమ్మతో మాట్లాడాను. అమ్మ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నా కూతురు నాకొద్దని కోర్టులో రాసిచ్చి వచ్చాక నాకు ముద్ద దిగుతుందా? ఆ ఇన్సూరెన్సు డబ్బు తెచ్చి నీ అప్పు నేనే కట్టేస్తాను. నువ్వు బాకీతో పోకూడదు. తర్వాత నాకేం, ఇంకో పదేళ్ళు గుల్లలు వొలవలేనా?"

వొలవలేవమ్మా. చీకటితో లేచి తడి సిమెంటు మీద నిలబడి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. మెట్లు దిగేటప్పుడు నువ్వు పక్కకి తిరిగి దిగుతావు. నువ్వు వద్దనేది నన్ను కాదు, ఆ బ్యాంకు అప్పును. నాన్న విషయంలో కూడా వద్దనవలసింది దాన్నే. బాకీతో పోకూడదంటున్నావు, ఎవరి బాకీ? నీ ముసలితనం కోసం దాచింది తీసుకెళ్ళి నువ్వు ఆ అప్పులో పోస్తే, పెదనాన్న నీ పింఛను కూడా తిన్నట్టే. నాన్న ఏళ్ళు తిన్నాడు, నా ఐదేళ్ళు తిన్నాడు. మూడో కంచం నువ్వు వడ్డించకు.

5. నా అంత్యక్రియల్లో, వచ్చినవాళ్ళు డబ్బు పెట్టి ఇచ్చే కవర్లు తీసుకునే బల్ల దగ్గర పెదనాన్న కూర్చోకూడదు. నాన్నప్పుడు ఇంటి పెద్దగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చిన కవర్లన్నీ పూజల ఖర్చుకని సంచీలో వేసుకుని వెళ్ళాడు. తర్వాత ప్రతి ఏడాదీ అదే పూజకి అమ్మ దగ్గర వాటా వసూలు చేశాడు. ఈసారి ఆ బల్ల దగ్గర మిసుక్ అత్త కూర్చుంటుంది. అడిగాను, ఒప్పుకుంది. "రానీ మీ పెదనాన్నని, గుల్ల కత్తి కూడా తెచ్చుకుంటాను" అంది. కత్తి వద్దు అత్తా, కూర్చుంటే చాలు. వచ్చిన కవర్లతో ఆసుపత్రిలో అంత్యక్రియల హాలు అద్దె, భోజనాలు కట్టండి.

పెదనాన్న వస్తే భోజనం పెట్టండి. ఎర్రటి మాంసం పులుసు, అన్నం, పందిమాంసం ముక్కలు, అందరికీ పెట్టినంత. రెండోసారి అడిగితే రెండోసారి కూడా పెట్టండి. ఆయన కవరు మాత్రం తెరవకుండా తిరిగి ఇచ్చెయ్యండి. లోపల ఎంత ఉందో చూడాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ కోరిక చంపుకోండి.

ఆయన ఇంట్లో నా పేరున పూజ చెయ్యకూడదు. నా రోజున అమ్మ తన వంటింటి బల్ల మీద ఒక కప్పు మిక్స్ కాఫీ, ఒక కమలాపండు పెడితే చాలు. కాఫీ చల్లారకముందే అమ్మే తాగెయ్యాలి.

6. పెద్దమ్మకి: గులాబీ రంగు కిమ్చీ పచ్చడి డబ్బా. మూడేళ్ళుగా కనబడిన ప్రతిచోటా అడుగుతున్న డబ్బా ఇదే. నేను చనిపోయే దాకా ఆగడం లేదు, ఈ వారమే పోస్టులో పంపుతున్నాను. ఖాళీగా. మన దగ్గర డబ్బాను ఖాళీగా తిరిగి పంపడం మర్యాద కాదని నాకు తెలుసు.

7. తమ్ముడు హన్‌బిత్‌కి వస్తువులేవీ రాయడం లేదు, కారణం మూడో నిబంధనలో ఉంది. తన చలికోటు, పని నేర్చుకోవడానికి కట్టవలసిన ఫీజు ఇప్పటికే ఇచ్చాను. అవి బతికుండగా ఇచ్చినవి.

వాడు సైన్యం నుంచి తిరిగొచ్చి నెల కాలేదు, అప్పుడే పెదనాన్న వాణ్ణి చికెన్ తినడానికి పిలిచాడు. బీరు పోయించి, "మగపిల్లాడివి, మీ అక్కలాగా కవర్లలో చిల్లర లెక్కపెట్టుకుంటూ బతుకుతావా? నీ పేరు మీద ఒక చిన్న దుకాణం తీద్దాం. పేరు నీది, కష్టం నాది" అన్నాడట. తమ్ముడు ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. నా ఆపరేషన్ తేదీ నిర్ణయమైంది ఆ వారమే.

హన్‌బిత్, నీ పేరు అడిగినవాడు నీ డబ్బు అడిగినట్టే. చికెన్ తిను, ముద్ర ఇంట్లో పెట్టి వెళ్ళు. జీతం వచ్చిన రోజున మొదట తప్పనిసరివి కట్టెయ్. ముసలితనం కోసం పదివేలైనా పక్కన పెట్టు. నువ్వు నవ్వుతావని తెలుసు. నాకూ ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఆ పింఛను ఖాతా తెరుస్తుంటే కొంచెం నవ్వొచ్చింది. కానీ ప్రతి నెలా అరవై ఏళ్ళ బోరమ్‌కి నేను డబ్బు పంపేదాన్ని. సముద్రం కనిపించే కిటికీ ఉన్న గది ఆవిడకి అద్దెకి కావాలి. ఆవిడ రాకపోతే ఆ డబ్బు కూడా అప్పుతోపాటు వెళ్ళిపోతుంది. ఈ వీలునామా మొత్తంలో నాకు నిజంగా కష్టం అనిపించింది అది ఒక్కటే. పెదనాన్న మీద నా కోపంలో ఎక్కువ భాగం ఆవిడ తరఫున.

8. కింద రాసినవి కూడా ఈ వారమే పంపుతున్నాను. తర్వాత పంపితే ఆస్తి అవుతాయి.

అమ్మకి కాళ్ళ కింద పెట్టుకునే కరెంటు పరుపు. ఆదా చేస్తున్నానని స్విచ్ ఆపి కూర్చోవద్దు. రబ్బరు చేతితొడుగుల లోపల వేసుకోవడానికి ఉన్ని తొడుగులు, రెండు జతలు. ఒకటి మిసుక్ అత్తకి.

ఏరాన్‌కి నా లెక్కల యంత్రం, మీటలు పెద్దవిగా ఉండేది. ఏరాన్ పెళ్ళికి కూడా నేను వెళ్ళలేదు. అప్పుడు పెట్టని కవరు ఇప్పుడు పెడుతున్నాను. ఇందులో వాదనకి చోటు లేదు.

9. నేను బతికి బయటపడితే ఈ వీలునామా చెల్లదు. ఇంకో రెండేళ్ళలో అప్పు మొత్తం నేనే తీర్చేస్తాను, పెదనాన్నకి ఏ చిక్కూ ఉండదు. ఆయన సుఖంగా పడుకుంటాడు. బతకాలని నాకు చాలా ఉంది. ఆ ఒక్క విషయం తలుచుకుంటే మాత్రం కొంచెం బాధగానే ఉంది.

చట్టప్రకారం నేను స్వయంగా రాసిన వీలునామాకి సాక్షులు అక్కర్లేదు. అయినా ఇద్దర్ని పెట్టాను. తర్వాత పెదనాన్న ఇది ఆ పిల్ల రాసింది కాదంటే, ఆ మాట అబద్ధమనడానికి నోరున్న మనుషులు ఉండాలి.

2023 నవంబరు 12, ఆదివారం. చాంగ్‌వన్‌లోని నా గదిలో రాసి, సంతకం చేసి, ముద్ర వేశాను.

ఓక్ బోరమ్ (ముద్ర)

సాక్షులు:
మో ఏరాన్, కోర్టు పత్రాల ఆఫీసు ఉద్యోగిని, చాంగ్‌వన్
జేగల్ మిసుక్, గుల్లల షెడ్డు కార్మికురాలు, తొంగ్‌యంగ్

అమ్మా, ఈ నకలు నీది. తమ్ముడు చదివి వినిపిస్తాడు, మూడో నిబంధన, నాలుగో నిబంధన రెండుసార్లు చదవమను. వాడు కోర్టుకి వెళ్ళి వదులుకుంటానని నాకు మాటిచ్చాడు. నీ మాట ఇంకా రాలేదు. నువ్వు చెయ్యనంటే నీతో గొడవపడను. ఇన్సూరెన్సులో నీ పేరు తీసేసి తమ్ముడి పేరు పెడతాను, నీ పింఛను వాడు కడతాడు. అప్పుడు ఆ డబ్బు నువ్వు పట్టుకెళ్ళి బ్యాంకులో పొయ్యడానికి ఉండదు. నాకు అలా చెయ్యాలని లేదు. నీ డబ్బు నీ చేతిలో ఉండాలనే ఇన్నాళ్ళూ కట్టాను. డిసెంబరు నాలుగు, సోమవారం నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు, నవంబరు దాటితే అంతకుముందు పేరు మార్చడానికి నాకు మిగిలే పనిదినం శుక్రవారం ఒక్కటే. కాబట్టి "చూద్దాంలే" అనకు. కోర్టుకి వెళ్తావో వెళ్ళవో, ఏదో ఒకటి నవంబరు ముప్పై, గురువారం సాయంత్రంలోగా నాకు చెప్పు.